నొప్పి ఒకచోట, ముడి ఇంకోచోట

పలాస–కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో పప్పుకు పొట్టు తీసే ఆడవాళ్ళ తల పొద్దంతా వంగే ఉంటుంది, రెండు చేతులూ ముందుకే ఉంటాయి. పప్పు బద్దలైతే ధర పడిపోతుంది కాబట్టి వేళ్ళతోపాటు భుజాలూ బిగబట్టాలి. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది, రెక్క లాగేస్తుంది. వేరే ఊళ్ళో అయితే ఒక నొప్పి బిళ్ళతో ఆ పూట గడిచిపోవచ్చు. పలాస చుట్టూ ఉన్న ఈ ఉద్దానంలో అలా కాదు. ఇక్కడ ఊరూరా ఉన్న కిడ్నీ జబ్బుకు మూలమేమిటో ఇంకా తేలలేదు. కానీ డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ వంటి మందులు ఏం చేస్తాయో తెలుసు: మూత్రపిండానికి రక్తం చేర్చే నాళాన్ని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లను అడ్డుకుంటాయి. ఎండలో చెమటోడ్చి ఒంట్లో నీరు తగ్గిన మనిషికి ఆ దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. అందుకే చేత్తో నొప్పి తగ్గించే విద్య గురించి రాసిన పుస్తకాలను నేను ఉద్దానం కళ్ళతోనే చదువుతాను.

అలా పక్కపక్కన పెట్టి చదవాల్సినవి రెండు. ఒకటి వాగ్భటుడి ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయం, అందులో సూత్రస్థానంలోని దినచర్యాధ్యాయం. రెండోది జానెట్ ట్రావెల్, డేవిడ్ సైమన్స్ రాసిన ట్రిగ్గర్ పాయింట్ గ్రంథం. మొదటి సంపుటం 1983లో, రెండోది 1992లో వచ్చాయి. అమెరికా అధ్యక్షుడు కెనడీ నడుం నొప్పికి వైద్యం చేసిన ట్రావెల్ 1961లో వైట్‌హౌస్ వైద్యురాలైంది.

వాగ్భటుడు రోజూ నూనె రాసుకోమన్నాడు. తలకు, చెవులకు, పాదాలకు మరీ శ్రద్ధగా. వ్యాయామం తర్వాత ఒళ్ళంతా సుఖంగా మర్దించమన్నాడు. ఆ ‘సుఖంగా’ అన్నమాట నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. అయితే ఆయన ఎదుట ఉన్న మనిషి ఎవరు? వ్యాయామాన్ని సగం శక్తి దగ్గరే ఆపమని చెప్పించుకోగలవాడు. కిలోల లెక్కన కూలి వచ్చేచోట సగం శక్తి దగ్గర ఆగడం కుదరదు. పైగా ఈ అధ్యాయం ఒంటిని మొత్తంగానే చూస్తుంది, పట్టేసిన కండను వెతికే దారి చూపదు. మన ఇళ్ళలో నూనె రాసి పట్టేవాళ్ళూ నొప్పి చెప్పినచోటే రుద్దుతారు.

ట్రావెల్ పుస్తకం బలమంతా ఆ వెతకడంలోనే ఉంది. బిగుసుకున్న కండలో తాడులా వేలికి తగిలే పట్టీ, అందులో ఒక ముడి. అదే ట్రిగ్గర్ పాయింట్. దాన్ని నొక్కితే నొప్పి మరోచోట పలుకుతుంది. ముందుకు చాచిన చేతులతో పనిచేసేవాళ్ళకు ఇందులో పనికొచ్చే పటం ఒకటుంది. భుజం ముందు భాగంలో లోతుగా సలుపుతుంటే, చాలాసార్లు ముడి వెనక, రెక్క ఎముక మీది కండలో ఉంటుందని ఆ పటం చెబుతుంది. ముందువైపు ఎంత నూనె ఇంకించినా ముడికి అందదు. ఈ ఒక్క సంగతి తెలిసిన చెయ్యి, తెలియని చేతికంటే ఎంతో మేలు.

అయితే ఆ గ్రంథం వైద్యుడి కోసం రాసింది. కండ మీద చల్లని మందు చిమ్మి సాగదీయడం, ముడిలోకి సూది వేయడం అందులో ముఖ్యమైన పద్ధతులు. దాన్ని మామూలు మనిషి చేతికి తెచ్చినవాడు క్లెయిర్ డేవీస్. పియానోలు బాగుచేసే పనివాడు, తన భుజం నొప్పితో వేగలేక ట్రావెల్ పుస్తకం చదివి, 2001లో సొంతంగా చేసుకునే పద్ధతిని పుస్తకంగా వేశాడు. గోడకు, వీపుకు మధ్య బంతి పెట్టి ఒరగడం, రోజులో చాలాసార్లు, ప్రతిసారీ కాసేపే. చేతిపనివాడు చేతిపనివాళ్ళకు రాసిన పుస్తకమది. ఆ బంతి ఖర్చు ఎవరికైనా భరించగలిగేదే.

నాకు నచ్చనిది అతని ఒత్తిడి. నొప్పి పదికి ఏడు వంతుల దాకా వెళ్ళవచ్చంటాడు. ఇక్కడ నేను వాగ్భటుడి వైపే ఉంటాను. కమిలేలా నొక్కించుకున్న మనిషి మర్నాడు వెతుక్కునేది మళ్ళీ బిళ్ళనే.

సిద్ధాంతం సంగతికొస్తే రెండూ గట్టి నేల మీద లేవు. వాగ్భటుడు చెప్పే వాతదోషం అనే వివరణను నేటి శరీరశాస్త్రం ఒప్పదు. ముడే నొప్పికి మూలమన్న వాదాన్ని క్విన్ట్‌నర్, బోవ్, కోహెన్ 2015లో గట్టిగా ఖండించారు. అదే ఏడాది కాక్రేన్ సమీక్ష నడుం నొప్పికి మర్దన కొద్దికాలం ఊరటనివ్వవచ్చని, దానికీ ఆధారాలు బలహీనమని తేల్చింది. కానీ ఉద్దానంలో మర్దనను ఏమీ చేయకపోవడంతో పోల్చి చూస్తే సరిపోదు, బిళ్ళతో పోల్చాలి. కొద్దికాలపు ఊరటే అయినా, కిడ్నీని తాకని ఊరట.

ఇక రెండు పుస్తకాలూ మన ప్రాంతాన్ని ఊహించని చోటు ఒకటుంది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. డయాలసిస్ చేయించుకునేవాళ్ళు చుట్టుపక్కల ఎన్నో ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళకు రక్తం గడ్డకట్టకుండా మందిస్తారు, గట్టిగా నొక్కితే చర్మం తేలిగ్గా కములుతుంది. డయాలసిస్ కోసం ఫిస్టులా (రక్తనాళాలను కలిపిన చోటు) వేసిన చేతిని మర్దించకూడదు, నొక్కకూడదు, బిగించి కట్టకూడదు. ఇక ఎవరికైనా ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి సలుపుతుంటే అది కండ పట్టు కాకపోవచ్చు, రక్తం గడ్డ కావచ్చు. అక్కడ చెయ్యి పెట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఒళ్ళు పట్టడం తెలిసిన ప్రతి మనిషికీ ముడి ఎక్కడ వెతకాలో నేర్పేముందు ఈ సంగతులు నేర్పాలి.