అభిమానవతి యగు నాయిక: యద్దనపూడి సులోచనారాణి నవలారచన

ఆంధ్రదేశమున నవల పత్రికలలోనే కన్ను తెఱచినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రము 1878లో వివేకవర్ధనియందు ప్రకటితమై, పిమ్మట గ్రంథరూపము దాల్చెను. కావున ధారావాహికముగ వెలువడెనను కారణము చేతనే యొక నవలను తక్కువగా నెంచుట చరిత్రకు విరుద్ధము. అయినను యద్దనపూడి సులోచనారాణి నవలలను గూర్చి పండితగోష్ఠులలో జరిగిన ప్రసంగము స్వల్పము. జరిగినదియు నధికముగ నాక్షేపణరూపము. ఆ నవలలు కన్నెపిల్లలకు లేనిపోని కలలు కల్పించినవనియు, అందు నాయకుడనగా ధనికుడు, సుందరుడు, కారు గలవాడు తప్ప వేఱొకడు కాడనియు నా యాక్షేపణ సారము. ఇది యెంతవఱకు నిలుచునో పరీక్షింపదగియున్నది.

ఈమె కృష్ణాజిల్లాయందలి కాజ గ్రామమున జన్మించి, వివాహానంతరము హైదరాబాదునకు వచ్చెను. తొలికథ 'చిత్రనళినీయం' 1956లో ఆంధ్రపత్రికయందు వెలువడెను. ఆ సంవత్సరమే నవంబరు 1వ తేదిని ఆంధ్రప్రదేశ రాష్ట్ర మేర్పడి, హైదరాబాదు దానికి రాజధాని యయ్యెను. 1960లో హైదరాబాదు, సికిందరాబాదు నగరములు రెండును నొక్క నగరపాలక సంస్థ క్రిందికి వచ్చెను. 1966 అక్టోబరు 2వ తేదిని దక్షిణమధ్య రైల్వే సికిందరాబాదు కేంద్రముగ నేర్పడెను. కొలువులకై కోస్తా జిల్లాలనుండి తరలివచ్చిన కుటుంబములు జంటనగరములలో స్థిరపడినవి. ఉన్నతపాఠశాల చదువు ముగించి, టైపు నేర్చి, బస్సెక్కి కచేరికి పోవు కన్యక యా కుటుంబములలో గ్రొత్తగా గానవచ్చిన వ్యక్తి. ప్రబంధనాయికయందు గాని, సంస్కరణయుగపు నవలలోని వితంతువునందు గాని యామె తన పోలికను గాంచజాలదు. ఆమెకు దొరికిన మొదటి యద్దములలో 'సెక్రటరీ' నవల యొకటి. జ్యోతి మాసపత్రికయం దది వెలువడుచుండగా జదివినవారును, పిమ్మట వీథిచివరి దుకాణమున దినమున కింతయని యద్దెకు దెచ్చి చదివినవారును నీ కన్యకలే.

నవల పేరే విచారింపదగినది. జయంతి యను నాయిక పేరు గాక, యామె చేయు నుద్యోగము పేరు శీర్షిక యైనది. జయంతి బామ్మతో గూడి బ్రతుకుచు, జీతముపై నాధారపడిన పిల్ల. ఆమెకు యజమానుడగు రాజశేఖరము సంపన్నుడు. యజమానునకును జీతముగొను యువతికిని నడుమ బుట్టిన వలపు ప్రపంచసాహిత్యమునకు గ్రొత్త గాదు. ఆంగ్లమున రిచర్డుసను 1740లో 'పమేలా'యందు దాసి కథగను, షార్లెట్ బ్రాంటీ 1847లో 'జేన్ అయిర్'నందు నుపాధ్యాయిని కథగను దీనినే చెప్పిరి. ధనముగలవాని యెదుట ధనము లేని స్త్రీ తన గౌరవము నెట్లు నిలుపుకొనును? మూడింటను బ్రశ్న యిదియే.

అలంకారశాస్త్రదృష్టి నీ ప్రశ్నకు సమాధానము సులభముగ దొరకును. ధనంజయుని దశరూపకము విప్రయోగమును మానము, ప్రవాసము అని రెండుగా విభజించి, మానమును మరల ప్రణయమానము, ఈర్ష్యామానము అని విడదీసినది. తెలుగున నీర్ష్యామానమునకు బరమావధి నంది తిమ్మన పారిజాతాపహరణమందలి సత్యభామ. ఆమె కోపమునకు హేతువు సవతి కిచ్చిన పువ్వు. జయంతి మానమునకు హేతువు వేఱు. తనను దన పనికై గౌరవించుచున్నారా, తన పేదఱికమును జూచి చులకన చేయుచున్నారా యను సందేహమే యామెను బాధించును. ప్రియుని ప్రేమలో భాగము గాక, తన వ్యక్తిత్వమున కంగీకారము కోరు మానమిది. పూర్వలాక్షణికులు దీనికి బేరు పెట్టలేదు. వారి నాయిక జీతము గొనలేదు గదా. దీనిని అభిమానమానమనవచ్చును. సులోచనారాణి నవలాశృంగారమునకు జీవగఱ్ఱ యిదియే.

నాయకు డెల్లెడల ధనికుడే యను మాట కూడ నిలువదు. 'మీనా'యందు సంపద నాయికయింటనే యున్నది. తల్లి కట్టుబాట్లలో బెరిగిన మీన పల్లెటూరి బంధువులయింటికి బోయి, యచటి యువకుని వలన జీవితమునకు వేఱొక కొలత గలదని గ్రహించును. కారు నాయకలక్షణము కాదనుట కీ నవలయే సాక్షి.

ఇంతమాత్రమున దోషములు లేవనరాదు. అపార్థముపై నపార్థము పేర్చి కథ నడపుట వీనియందలి ముఖ్యదోషము. నాయికానాయకు లొక్కమాఱు నిష్కపటముగ మాటలాడినచో ననేకాధ్యాయము లనావశ్యకము లగును. పాఠకుని మఱుసటి సంచికవఱకు నిలుపవలసిన ధారావాహికధర్మము దీనికి హేతువు గాని సమర్థనము గాదు. అంతకంటె బెద్దలోపము ముగింపునందున్నది. 'సెక్రటరీ'లో నాయిక ఏ జీతముతో, ఏ స్వాతంత్ర్యముతో మనకు బరిచితురాలయ్యెనో, ఆ స్వాతంత్ర్యము వివాహానంతర మేమగునో చెప్పకయే కథ ముగియును. రంగనాయకమ్మ 'బలిపీఠము' వివాహముతో నాగక, పిదప బుట్టు సంఘర్షణనే వస్తువుగ గొనినది. రెంటిని బ్రక్కప్రక్కన నుంచి చదివినగాని యా కాలపు స్త్రీరచన స్వరూపము పూర్ణముగ దెలియదు.

విజయము కూడ రచయిత్రికి బంధనమైనది. 1973లో 'మీనా', 'జీవనతరంగాలు', 1976లో 'సెక్రటరీ' చలనచిత్రములైనవి. స్త్రీనామమునకు గల గిరాకిని జూచి పురుషులే స్త్రీల పేర్లతో నవలలు ప్రకటించిన కాలమది. అట్టితఱి పాఠకులు మరల మరల నా రాజశేఖరమునే కోరిరి. రచయిత్రి తాను సృజించిన నాయకునకు దానే కొంత లోబడినదనుట సత్యదూరము కాదు. ఆమె 2018 మే నెలలో నమెరికాయందు దివంగతురాలయ్యెను.

పాఠశాలలో బిల్ల చేతినుండి యీ నవలను లాగికొను నుపాధ్యాయుడు ప్రబంధమందలి మానమును వర్ణించి చెప్పుటకు వెనుదీయడు. జయంతి కేల కోపము వచ్చెనని యా పిల్లనే యడిగినచో, సత్యభామ కోపము కూడ నామెకు జక్కగ బోధపడును. రెండు పుస్తకములను నొక్కబల్లపై నుంచుటకు సంకోచింపవలసిన పని లేదు.