శాంతి, స్వయంనిర్ణయం: హైదరాబాదు ప్రశ్నలో మన సాహిత్యం

అనంతపురంలో జరిగిన ఒక సాహిత్యగోష్ఠిలో ‘మా భూమి’ నాటకాన్ని గురించి మాట్లాడి కూర్చున్నాను. ఒక యువకుడు లేచి, "1948లో శాంతి ముఖ్యమా, ప్రజల స్వయంనిర్ణయ హక్కు ముఖ్యమా? రెండూ ముఖ్యమేనని మాత్రం చెప్పకండి సార్" అన్నాడు. సభ నవ్వింది. నేనేదో చెప్పాను గాని, ఆ జవాబు నాకే తృప్తినివ్వలేదు. దాన్ని సరిదిద్దుకోవటానికే యీ వ్యాసం.

హైదరాబాదు ప్రశ్న మన సీమకు పరాయిది కాదు. 1800 అక్టోబరు 12 నాటి ఒడంబడికలో, తనకు రక్షణగా వుండే సైన్యం ఖర్చుకింద నిజాం యీ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. మన్రో ప్రధాన కలెక్టరై అనంతపురంలో కచ్చేరీ పెట్టాడు. మన నేలకు ‘దత్తమండలాలు’ అని పేరు వచ్చింది. దత్తం అంటే ఇవ్వబడినది. ఇచ్చినవాడెవడో చరిత్రకు తెలుసు, పుచ్చుకున్నవాడెవడో తెలుసు. యీ నేల దున్నేవాణ్ణి ఎవరైనా అడిగారా? లేదు. ఆ పేరులోని అవమానం పోవటానికి 128 ఏళ్ళు పట్టింది. 1928లో నంద్యాల సభలో ‘రాయలసీమ’ అన్న పేరు సూచించిన చిలుకూరి నారాయణరావుగారు మన అనంతపురం కళాశాలలోనే పాఠం చెప్పినవారు. రక్షణ పేరుతో, శాంతి పేరుతో, జనాన్ని అడగకుండా జరిగే ఒప్పందాల రుచి యెటువంటిదో మనకు తెలుసు కాబట్టే యీ ప్రశ్నను మనం నిదానంగా చూడాలి.

1947 జూన్‌లో, బ్రిటిషు సార్వభౌమాధికారం తొలగిపోగానే తాను స్వతంత్రుడనవుతానని ఏడవ నిజాం ప్రకటించాడు. చట్టం అక్షరాలు చూస్తే ఆ వాదానికి కొంత ఆధారం లేకపోలేదు. కాని ‘స్వయంనిర్ణయం’ అన్న మాటలో ‘స్వయం’ ఎవరు? కోటిన్నరకు పైబడిన తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ జనమా, లేక ఒక్క సింహాసనమా? జనాన్ని అడగకుండా సింహాసనం తనకోసం తీసుకున్న నిర్ణయాన్ని దేశం నిర్ణయమన్నారు. కాశిం రజ్వీ రజాకార్లు ఆ నిర్ణయానికి కత్తులై నిలిచారు.

రెండో మాట శాంతి. 1947 నవంబరు 29న ఢిల్లీకీ హైదరాబాదుకూ మధ్య ఏడాది గడువుతో ఒక ఒప్పందం కుదిరింది. దానికి తెలుగులో స్థిరపడిన పేరు ‘యథాతథ ఒప్పందం’. విమర్శకుడికి మాటలు తూచటం వృత్తి. యథాతథం అంటే ఉన్నది ఉన్నట్టుగానే వుండటం. అంటే వెట్టి వుంటుంది, జాగీరు వుంటుంది, దేశముఖు గడీ వుంటుంది. రెండు ప్రభుత్వాల మధ్య తుపాకి పేలనంత మాత్రాన దాన్ని శాంతి అనగలమా? గడీలోపల ప్రతిరోజూ యుద్ధమే జరుగుతున్నప్పుడు, సరిహద్దుమీది ఆ నిశ్శబ్దం ఎవరికి శాంతి?

యీ ప్రశ్న వేసిన గౌరవం మన సాహిత్యానికి దక్కుతుంది. 1943లో తెనాలిలో పుట్టిన అభ్యుదయ రచయితల సంఘం తరం వేసింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్ల ‘మా భూమి’, బొల్లిముంత శివరామకృష్ణగారి ‘మృత్యుంజయులు’ 1947లోనే వచ్చాయి. ఆ రచయితలు సరిహద్దుకు యివతలివారు. అవతలి మనిషి బాధను తమ బాధగా రాశారు. విసునూరు దేశముఖుతో తన భూమికోసం పోరాడి హతుడైన షేక్ బందగీ కథ ‘మా భూమి’కి ప్రాణం. తగాదా హిందువుకూ ముసల్మానుకూ మధ్య కాదనీ, దున్నేవాడికీ దోచేవాడికీ మధ్య అనీ చెప్పటానికి యింతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. మద్రాసు ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించిందంటే, అక్కడా ఆ ‘శాంతి’ పేరే వినిపించింది. అవతలి గట్టున దాశరథి నిజామాబాదు జైలుగోడ మీద బొగ్గుతో పద్యం రాశారు. ‘ఎవరి స్వయం?’ అన్న ప్రశ్నకు వీరందరిదీ ఒకటే జవాబు: రైతుది.

వారితోపాటు షోయబుల్లాఖాన్‌ను తలుచుకోకపోతే నేరమవుతుంది. ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక సంపాదకుడు. హైదరాబాదు యూనియన్‌లో చేరాలని రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్లు ఆయన చేయి నరికి చంపారు. ప్రజలను అడగమన్న కలాన్ని నరికిన ప్రభుత్వం తనది స్వయంనిర్ణయమని చెప్పుకునే అర్హత ఆ రాత్రే పోగొట్టుకున్నది.

సెప్టెంబరు 13న యూనియన్ సైన్యం కదిలింది. 17న నిజాం లొంగిపోయాడు. పారిస్‌లో భద్రతా సమితి మొదటిసారి యీ విషయం చర్చకు తీసుకున్నది దానికి ముందురోజున. అంతకుముందు చర్చల్లో ప్రజాభిప్రాయ సేకరణ మాట వచ్చింది గాని, అది ఎన్నడూ జరగలేదు. నా అభిప్రాయం దాచుకోను. రజాకార్ల పాలనను యింకొక ఏడాది సాగనిచ్చే శాంతికన్నా ఆ పాలన అంతం కావటమే ప్రజల నిర్ణయానికి దగ్గర. అయినా దగ్గర కావటం వేరు, అదే కావటం వేరు. వచ్చిన సైన్యం నిజాంతో లెక్క అయిదు రోజుల్లో ముగించింది. భూమి పంచుకున్న తెలంగాణా రైతుమీద మాత్రం, 1951 అక్టోబరులో సాయుధపోరాటాన్ని విరమించేవరకూ తుపాకి దించలేదు. ఆ జనాన్ని నిజంగా అడిగింది 1952 సార్వత్రిక ఎన్నికల్లోనే. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డిగారికి నెహ్రూగారికన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయి. అడిగితే జనం ఏమి చెబుతారో ఆ పెట్టెలు చెప్పాయి.

ఇంతవరకు మన సాహిత్యంతో నాకు పేచీ లేదు. పేచీ ఇకముందు వున్నది.

1948 చివర్లో నెహ్రూ ప్రభుత్వం పంపగా పండిట్ సుందర్‌లాల్ బృందం హైదరాబాదు సంస్థానంలో పర్యటించింది. ఆ బృందంలో ‘పయాం’ పత్రిక స్థాపించిన ఉర్దూ రచయిత కాజీ అబ్దుల్ గఫార్ వున్నారు. పోలీసు చర్య సమయంలోనూ ఆ తరువాతా 27,000 నుంచి 40,000 మంది దాకా ప్రాణాలు పోగొట్టుకున్నారని వారు అంచనా వేశారు. చనిపోయినవారు ప్రధానంగా ముస్లిములు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతిన్నాయి. ఆ నివేదికను దశాబ్దాలపాటు ప్రచురించలేదు. ఎందుకు? శాంతికి భంగం కలుగుతుందని! శాంతి అన్న మాట యీసారి చచ్చినవారి మీద కప్పిన గుడ్డ అయింది.

నేను చదివిన మన అభ్యుదయ సాహిత్యంలో బందగీ వున్నాడు. 1948 అక్టోబరులో బీదరు పల్లెలో చచ్చిన బందగీ తమ్ముడు మాత్రం లేడు. రజాకారు ఘాతుకాన్ని ఎన్ని గొంతులతో పాడామో, అతని పేరున పగ తీర్చుకున్నవారి ఘాతుకం గురించి అంతగా మౌనం వహించాం. దీనికి సమాధానం నాకు తెలుసు. "మావాళ్ళు అప్పుడు జైళ్ళలో వున్నారు, అడవుల్లో వున్నారు, తమ పీకమీదనే కత్తి వున్నది" అంటారు. అది నిజం. మరఠ్వాడా దూరం, వార్తలు రాలేదు, అదీ నిజమే. ఆ తరాన్ని నిందించే అర్హత నాకు లేదు. కాని జైళ్ళ తలుపులు తెరుచుకుని డెబ్బై ఏళ్ళు దాటింది. నివేదిక ఇవాళ చదవవచ్చు. అయినా మనం రాయలేదంటే, అది ఆనాటి వారి నిర్బంధం కాదు. ఇది మన యిష్టం.

వస్తువులో సగం వదిలిపెట్టిన కావ్యానికి శిల్పం యెంత వున్నా లోపం లోపమే. ‘ఎవరి స్వయం?’ అని అడిగిన నోటితోనే ‘ఎవరి శాంతి?’ అని అడగనప్పుడు మొదటి ప్రశ్న కూడా బలహీనపడుతుంది. మన శత్రువును నిలదీయటానికే దాన్ని వాడామనీ, మనల్ని మనం నిలదీసుకోలేదనీ లోకం అంటుంది.

కాబట్టి ఆ యువకుడికి నా జవాబు యిది. బాబూ, ప్రజలను అడగకుండా నిలిపే శాంతి కన్నా వారి నిర్ణయ హక్కు బరువైనది. 1948లో కూడా అంతే. కాని ఆ హక్కు పేరు చెప్పి పొరుగువాడి గొంతు కోసినచోట నిర్ణయించుకున్నది ప్రజ కాదు, మూక. రెంటికీ తూనికరాయి ఒకటే: అడిగినప్పుడు ఎవరు లెక్కలో లేరు? 1800లో మన సీమరైతు లేడు. యథాతథ ఒప్పందంలో వెట్టివాడు లేడు. 1948 చివర బీదరు ముసల్మాను లేడు. లెక్కలో లేనివాణ్ణి లెక్కలోకి తేవటమే రచయిత పని.

ఆ నివేదికలోనే ఒక విషయం వున్నది. కొన్నిచోట్ల హిందూ చేనేత పనివారు, తమతో మగ్గం నేసే ముస్లిం పనివారిని మూకలనుంచి కాపాడారట. ఆ ప్రయత్నంలో తాము ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారట. వారికి ఏ ప్రభుత్వమూ ఆజ్ఞ ఇవ్వలేదు. వారి నిర్ణయం వారే చేసుకున్నారు, అదే శాంతి కూడా అయింది. 2022లో జిల్లా వేరయినా ధర్మవరం మగ్గాల చప్పుడు మనకు కొత్త కాదు. ఆ చప్పుడు తెలిసిన మన సీమ రచయిత ఎవరైనా ఆ పేరు తెలియని నేతగాడి కథ రాస్తే, గోష్ఠిలో నేను చెప్పలేకపోయిన జవాబు అదే అవుతుంది.