అమెరికా స్వతంత్ర చిత్రములు

అమెరికాలో పెద్ద స్టూడియోల ధనమునకు లోబడక చిత్రములు తీయువారి స్థితి నేడు విచిత్రముగా నున్నది. బహుమతులు చేతికందినవి; బ్రతుకుతెరువు మాత్రము అందలేదు.

షాన్ బేకర్ 2015లో వెలువడిన 'టాంజరీన్'ను ఐఫోనులతో లాస్ ఏంజిలిస్ వీథులలో తీసెను. సుమారు 60 లక్షల డాలర్లతో ఆయన తీసిన 'అనోరా' 2024లో కాన్ ఉత్సవమున అగ్రబహుమానమును, 2025లో ఐదు ఆస్కారులను పొందినది. అందు నాలుగు ఆయనవే: రచనకు, దర్శకత్వమునకు, కూర్పునకు, నిర్మాణమునకు. ఇన్ని పనులు ఒక్కడే మోయుట ప్రతిభకే కాక లేమికిని గుర్తేమో యని నా అనుమానము.

ఆ చిత్రమున నడిమి వెదుకులాట కొంత దీర్ఘమే. కాని చివర, మంచు కురియుచుండగా, కారులో ఆ యువతి వెక్కి వెక్కి ఏడ్చును. సంగీతము లేదు, అద్దము తుడుచు వైపర్ల చప్పుడే వినవచ్చును. ప్రేక్షకుని ఓదార్చుటకు తొందరపడని యీ నిగ్రహమును స్టూడియో పెద్దలు సహింతురా?

బ్రేడీ కార్బె తీసిన 'ది బ్రూటలిస్ట్' (2024) అమెరికా కథయే. చిత్రీకరణ మాత్రము అధికభాగము హంగరీలో, కోటి డాలర్లకు లోపుగా జరిగెను. మూడు ఆస్కారులు వచ్చినవి. తన గత రెండు చిత్రములవలన ఒక్క డాలరైనను రాలేదని ఆ దర్శకుడే 2025లో చెప్పుకొనెను. పోర్చుగలులో మూడు ప్రకటన చిత్రములు తీయగా, ఏండ్ల తరువాత చేతికి డబ్బు వచ్చినదట.