మీకు తెలుగెలా వచ్చింది?

ఎం.ఏ. తెలుగు మొదటి రోజు. హాజరు పిలుస్తున్న మాస్టారు నా పేరు దగ్గర ఆగారు. కళ్లజోడు సవరించుకుని తలెత్తి చూశారు. ‘నీకు తెలుగెలా వచ్చిందోయ్?’ అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన చెడ్డవాడు కాదు. ఆ తర్వాత రెండేళ్లూ నన్ను అభిమానంగానే చూశారు. ‘సాయిబులబ్బాయి అయినా పద్యం చక్కగా చదువుతాడు’ అని నలుగురిలో చెప్పేవారు. ఆ ‘అయినా’లోనే నా విశ్వవిద్యాలయం చదువంతా గడిచిపోయింది.

మాది కర్నూలు జిల్లాలో ఓ పల్లె. దూదేకులవాళ్లం. మా నాయన విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకేవాడు, పరుపులు కుట్టేవాడు. మా ఇంట్లో ఉర్దూ లేదు. మా అమ్మ నన్ను తిట్టింది తెలుగులోనే, పీర్ల పండక్కి మొక్కుకున్నదీ తెలుగులోనే. నమాజులో చదివే సూరాలను మా తాత తెలుగు అక్షరాల్లో రాయించుకుని బట్టీపట్టాడు. మాస్టారి ప్రశ్నకు జవాబు నిజానికి చాలా చిన్నది: మా అమ్మకెలా వచ్చిందో నాకూ అలాగే వచ్చింది. ఆ రోజు ఆ మాట నోటికి రాలేదు. ఇరవై ఏళ్ల తర్వాత ఇప్పుడు రాస్తున్నాను.

నేను చదివిన విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక ఊరి మీదో, ఒక మాస్టారి మీదో ఫిర్యాదు చేయడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఆ ప్రశ్న ఆయన సొంతం కాదు. తెలుగు సాహిత్య చరిత్రను మనం చదువుకునే పద్ధతిలోనే అది ఉంది.

ఆ చరిత్రలో ముస్లిం ఎక్కడ కనిపిస్తాడు? మొదట శత్రువుగా కనిపిస్తాడు. 1323లో ఓరుగల్లు పతనం దగ్గర వస్తాడు. విజయనగరం కథ చివర మళ్లీ వస్తాడు. తర్వాత కృతిభర్తగా కనిపిస్తాడు. గోలకొండను 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవులకు ‘మల్కిభరాముడు’ అయ్యాడు. అద్దంకి గంగాధరకవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ అంకితం పుచ్చుకున్నాడు. పొన్నికంటి తెలగన ‘యయాతి చరిత్ర’ను పటాన్‌చెరు అమీన్‌ఖానుకు అంకితమిచ్చాడు. అది తొలి అచ్చతెలుగు కావ్యం. సంస్కృతపు పొల్లు లేని తెలుగులో రాసిన మొదటి కావ్యాన్ని ఒక తురక దొర ముందు చదివి వినిపించారన్నమాట! పరీక్షల్లో ఇది ఒక్క మార్కు ప్రశ్న. అమీన్‌ఖానుకు తెలుగెలా వచ్చిందని మాత్రం ఎవరూ అడగరు. డబ్బిచ్చేవాడికి భాష ఎలా వచ్చిందన్న అనుమానం ఎవరికీ రాదు. ఏకుడు విల్లు పట్టినవాడి కొడుకు దగ్గరే వస్తుంది.

1990ల తర్వాత మనకు మూడో చోటు దొరికింది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ వచ్చింది. 1998లో ‘జల్‌జలా’ కవితా సంకలనం, 2004లో ‘వతన్’ కథల సంకలనం వచ్చాయి. మనం మన గురించి రాసుకున్నాం. విశ్వవిద్యాలయాలు కూడా తలుపు కొంచెం తెరిచాయి. పాఠ్యప్రణాళికల్లో ‘మైనారిటీ వాద సాహిత్యం’ అని ఒక శీర్షిక చేరింది. ఇది గెలుపే, కాదనను. కానీ ఆ గెలుపు మనకేం చేసిందో కూడా చూడాలి. శత్రువు, కృతిభర్త అయ్యాక ఇప్పుడు మనం ఉదాహరణలమయ్యాం.

నా సంగతే చెబుతాను. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ మీద పరిశోధన చేయాలని నా కోరిక. కథలోంచి కథ పుట్టి, వెనక్కి నడిచి, మళ్లీ మొదటికొచ్చే ఆ అల్లిక నాకు పిచ్చెక్కించింది. దూది ఏకేవాడి కొడుక్కి పోగు ఎక్కడ మొదలైందో వెతకడం సరదా కాబోలు. నా పర్యవేక్షకుడు విని నవ్వారు. ‘సూరన మీద ఎవరైనా చేస్తారు. మీవాళ్ల కవిత్వం మీద నువ్వు తప్ప ఎవరు చేస్తారు? నీకు సులువు కూడా’ అన్నారు. ఆ మాటలో ప్రేమ ఉంది, న్యాయం కూడా కొంత ఉంది. నేను ఒప్పుకున్నాను.

నాలుగేళ్ల తర్వాత గ్రంథం సమర్పించే ముందు సెమినార్ జరిగింది. ఒక పెద్దాయన లేచి, ‘మీవాళ్ల మీద మీరే రాసుకుంటే నిష్పాక్షికత ఎక్కడుంటుంది?’ అన్నారు. అన్నమయ్య మీద వైష్ణవుడు రాస్తే అది సాధికారత అవుతుంది. సంప్రదాయం తెలిసిన ఇంట్లో పుట్టాడంటారు. పుట్టుమచ్చ మీద ముస్లిం రాస్తే పక్షపాతం అవుతుంది. నువ్వు తప్ప ఎవరు చేస్తారని ఏ కారణంతో ఆ విషయం నా చేతిలో పెట్టారో, ఆ కారణంతోనే నా చేతిని అనుమానించారు.

అయితే ఆ సిద్ధాంత గ్రంథాన్ని ఈమధ్య మళ్లీ తిరగేశాను. నన్ను నేను వెనకేసుకురాలేను. మొదటి కవిత దగ్గరికి రావడానికి అరవై పేజీలు పట్టింది. ముస్లింల చరిత్ర ఒక అధ్యాయం. పండుగలు, ఆచారాలు మరో అధ్యాయం. నమాజు అంటే ఇది, రోజా అంటే ఇది, ఖులా అంటే ఇది అని వివరించుకుంటూ పోయాను. తర్వాత పేదరికం, స్త్రీల సమస్యలు, మతకలహాలు. ప్రతి శీర్షిక కిందా నాలుగు కవితా పాదాలు దించి, ‘ఈ కవి తన ఆవేదనను హృద్యంగా వ్యక్తం చేశాడు’ అని రాశాను. ఈ వాక్యం నా గ్రంథంలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడానికి సిగ్గేసింది. ఈ విషయం మీద నేను చూసిన గ్రంథాలు చాలావరకు ఈ మూసలోనే పోసి ఉన్నాయి.

ఇది విమర్శ కాదు, జనాభా లెక్క. ‘పుట్టుమచ్చ’ దీర్ఘకవిత. తాను పుట్టకముందే తన మీద మోపిన నేరాన్ని ఒంటి మీది మచ్చలా మోయాల్సి రావడం దాని వస్తువు. ఆ ఆరోపణకు జవాబు ఒక చిన్న కవితలో ఎందుకు ఇమడలేదు? అంత పొడుగు ఎందుకు కావాల్సి వచ్చింది? ఆ గొంతు ఎక్కడ ఎవరిని ఉద్దేశించి మాట్లాడుతోంది? ఇవీ విమర్శకుడు అడగాల్సినవి. నేను ఒక్కటీ అడగలేదు. దేశ విభజన మీద పది పేజీలు రాసి, కవిని సాక్షిగా బోనెక్కించి దించేశాను. విశ్వవిద్యాలయం నన్ను ఉదాహరణ చేసింది. నేను నా కవుల్ని ఉదాహరణలు చేశాను.

ఎవరి కోసం ఆ అరవై పేజీలు? మా అమ్మకు నమాజంటే ఏమిటో చెప్పక్కర్లేదు. నన్ను ‘నీకు తెలుగెలా వచ్చింది’ అని అడిగిన మాస్టారి కోసమే రాశాను. పరిశోధన పేరుతో నాలుగేళ్లు ఆయనకు సంజాయిషీ ఇచ్చుకున్నాను.

విశ్వవిద్యాలయపు విద్యార్థి జీవితం అనగానే తెలుగు పాఠకుడికి మొదట గుర్తొచ్చేది నవీన్ ‘అంపశయ్య’. ఉస్మానియా క్యాంపస్‌లో రవి అనే విద్యార్థి గడిపిన ఒక్క రోజు ఆ నవల. 1969లో వచ్చింది. హాస్టల్ గదిలో మొదటిసారి చదివినప్పుడు ఇది నా కథే అనుకున్నాను. పల్లె నుంచి వచ్చిన పేదవాడికి క్యాంపస్‌లో కలిగే బెదురు, జేబులో డబ్బుల్లేని అవమానం, తనను అందరూ చూస్తున్నారనే భ్రమ అన్నీ నావే. ఇప్పటికీ ఆ నవలంటే గౌరవం. కానీ రెండోసారి చదివినప్పుడు ఒక తేడా తెలిసింది. రవి తన పేదరికాన్ని దాచుకోగలడు. ఇస్త్రీ చొక్కా వేసుకుంటే ఓ గంటసేపైనా దాచుకోగలడు. పేరుకు ఇస్త్రీ చొక్కా లేదు. క్యాంపస్ బయట గది అద్దెకు అడిగినప్పుడు ఇల్లు చూపించి, అడ్వాన్సు చెప్పి, చివర్లో ‘పేరేంటి బాబూ’ అని అడిగేదాకా నేనూ రవినే. పేరు చెప్పాక ఆ ఇంటికి హఠాత్తుగా చుట్టాలొస్తారు. తెలుగులో పేదవాడి క్యాంపస్ నవల ఉంది. మన క్యాంపస్ నవల మనమింకా రాయలేదు.

ఉస్మానియా మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతీ తేల్చుకోవాలి. 1918లో మొదలైన ఆ విశ్వవిద్యాలయంలో బోధనభాష ఉర్దూ. వైద్యం, ఇంజనీరింగు కూడా ఒక దేశభాషలో చెప్పవచ్చని నిరూపించడానికి దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థనే పెట్టారు. అది గొప్ప పనే. కానీ తెలంగాణలో మెజారిటీ జనం మాట్లాడే తెలుగు అక్కడ ఒక సబ్జెక్టు మాత్రమే. రాయప్రోలు సుబ్బారావు వంటి కవి అక్కడ తెలుగు చెప్పారు నిజమే, మిగతా చదువంతా తెలుగు పిల్లలకు పరభాషే. 1938లో వందేమాతరం పాడిన విద్యార్థుల్ని బయటికి గెంటితే, పి.వి. నరసింహారావు లాంటివాళ్లు నాగపూర్ వెళ్లి చదువుకోవాల్సి వచ్చింది. ఈ గాయం నిజం. దీన్ని మనం దాటవేయకూడదు.

కానీ ఆ బాకీ నా దగ్గర వసూలు చేస్తారెందుకు? నిజాంకూ మా నాయనకూ ఉన్న చుట్టరికం ఏమిటి? నిజాం మీద సాయుధపోరాటంలో నిలబడ్డ మఖ్దూం మొహియుద్దీన్ కూడా ఉస్మానియాలోనే చదివాడు. ‘ఇమ్రోజ్’ పత్రికలో రాసినందుకు 1948 ఆగస్టులో షోయబుల్లాఖాన్‌ను రజాకార్లు చంపారు. వారసత్వం అంటగట్టేటప్పుడు వీళ్లెవరూ గుర్తురారు, ఒక్క నిజామే గుర్తొస్తాడు.

నవాబుల వారసులం అంటారు కదా, లెక్కలు చూద్దాం. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ప్రకారం దేశంలో పేరున్న కళాశాలల్లో డిగ్రీ చదివే 25 మందిలో ఒకరు, పీజీ చదివే 50 మందిలో ఒకరు మాత్రమే ముస్లింలు. మెట్టు ఎక్కేకొద్దీ సగం మంది రాలిపోతున్నారు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వెనకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. 2009లో కేంద్రం పరిశోధక విద్యార్థులకు మౌలానా ఆజాద్ ఫెలోషిప్ మొదలుపెట్టింది. నేను దాంతోనే చదివాను. ఆ డబ్బులో సగం ఊరికి పంపేవాణ్ణి. ఇతర పథకాలు ఉన్నాయి, ఇది వాటితో కలగలుస్తోంది అనే కారణం చూపి 2022లో ఆ ఫెలోషిప్‌ను ఆపేశారు. నాకు తెలుగెలా వచ్చిందని అడిగేవాళ్లు నా తర్వాతివాళ్లకు చదువెలా వస్తుందని అడగలేదు.

లౌకికవాద మిత్రులతో ఒక మాట. క్యాంపస్‌లో మా పక్కన నిలబడింది మీరే. డిసెంబర్ 6న నిరసన సభ పెట్టి నన్ను వేదిక మీద కూర్చోబెట్టారు. రంజాన్‌కు హలీం తినడానికి వచ్చారు. కానీ శ్రీశ్రీ మీద సెమినార్ పెట్టినప్పుడు ఒక్కసారీ నన్ను పిలవలేదు. నా బాధ మీద నాకు హక్కిచ్చారు, మహాప్రస్థానం మీద ఇవ్వలేదు.

మనవాళ్లతోనూ ఒక మాట. ‘నీకు ఉర్దూ రాదా, మరి నువ్వేం ముసల్మాన్‌వి?’ అని నన్ను హాస్టల్‌లో అడిగింది మనవాళ్లే. అక్కడ తెలుగెలా వచ్చిందన్నారు, ఇక్కడ ఉర్దూ ఎందుకు రాలేదన్నారు. సయ్యదులు, పఠాన్లు దూదేకుల ఇంటికి పిల్లనివ్వరన్న సంగతి మన సంకలనాల్లో ఎంత తక్కువగా వచ్చిందో చూడండి. మా చెల్లెలు నాకంటే బాగా చదివేది. డిగ్రీతో ఆపేశారు. ఆపింది ఏ విశ్వవిద్యాలయమూ కాదు, మా నాయన, నేను. నా పరిశోధనకు డబ్బు సరిపోదని నేనూ తలూపాను. ముజఫర్‌నగర్ మారణకాండ మీద తీసిన సినిమా ప్రదర్శనను ఢిల్లీలో అడ్డుకుంటే 2015లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నిరసన తెలిపింది రోహిత్ వేముల ఉన్న అంబేద్కర్ విద్యార్థి సంఘం. 2016 జనవరి 17న రోహిత్ చనిపోయాడు. మన కోసం మాట్లాడిన దళిత విద్యార్థుల సాహిత్యాన్ని మనం ఎంత చదివామో కూడా అడుక్కోవాలి.

ఇప్పుడు నేనొక డిగ్రీ కళాశాలలో తెలుగు చెబుతున్నాను. పోయినేడు నా దగ్గర చదువుకున్న అమ్మాయి పీజీ పూర్తిచేసి వచ్చింది. బురఖా వేసుకున్న పిల్ల. పిహెచ్‌డికి విషయం చెప్పమంది. ఆలోచించకుండానే నా నోట్లోంచి వచ్చేసింది. ‘ముస్లిం స్త్రీల కథలు తీసుకోమ్మా, నీకు సులువు.’

ఆ పిల్ల కాసేపు మాట్లాడలేదు. ‘నాకు వ్యాకరణం ఇష్టం సార్. చిన్నయసూరి బాలవ్యాకరణంలో సంధుల మీద చేద్దామనుకున్నా. మీరైనా ఔనంటారని వచ్చా’ అంది.

నా పర్యవేక్షకుడి మాట నా గొంతులోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో విని భయమేసింది. ముస్లిం స్త్రీల కథల మీద పరిశోధన జరగాలి. ఇష్టపడి చేసేవాళ్లు చేయాలి, అరవై పేజీల సంజాయిషీ లేకుండా చేయాలి. బాలవ్యాకరణం మీదా జరగాలి. మన బాధ గురించి మాట్లాడే హక్కు కోసం ముప్పై ఏళ్లు కొట్లాడాం. మనది కాదనుకున్న ప్రతి పుస్తకం గురించీ మాట్లాడే హక్కు ఇంకా మిగిలే ఉంది. దానికోసం కొట్లాడకపోతే మనకిచ్చిన ఆ ఒక్క శీర్షికే మన కొత్త వాడ అవుతుంది.

ఆ అమ్మాయికి ఇంకా గైడు దొరకలేదు. ఇద్దరు ప్రొఫెసర్ల దగ్గరికి వెళ్లొచ్చింది. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారట. ఒకాయన టీ కూడా ఇప్పించి, అడిగారట: ‘ఇంతకీ నీకు తెలుగెలా వచ్చిందమ్మా?’

‘ఏం చెప్పావు?’ అన్నాను.

‘మీకెలా వచ్చింది సార్ అని అడిగాను’ అంది.