పార్కిన్సన్ పుస్తకము: కంపవాతమును గురించి ఒక తప్పు తర్కము

1817లో లండనులో 66 పుటల చిన్న పుస్తకమొకటి వెలువడినది. ‘వణుకుడు పక్షవాతమును గురించిన వ్యాసము’ అని దాని పేరునకు అర్థము. రచయిత హాక్స్‌టన్ ప్రాంతములో వైద్యము చేయుచుండిన జేమ్స్ పార్కిన్సన్. మన వైద్యులు కంపవాతమనెడి వ్యాధికి నేడు ప్రపంచమంతట ఈయన పేరే వాడుకలో నున్నది. ఈ పుస్తకమును మెచ్చుకొనువారు చాలమంది, చదివినవారు తక్కువ. చదివినచో అందులోని గొప్పతనముతోపాటు ఒక తర్కదోషము కూడ కనబడును.

ముందు గొప్పతనము. ఆయన వర్ణించిన రోగులు ఆరుగురే. వారిలో ఇద్దరు వీధిలో ఎదురుపడినవారు. మరొకరిని దూరమునుండి చూచుట మాత్రమే జరిగినది. ఊరక ఉన్నప్పుడు చేయి వణకుట, నడుము ముందునకు వంగుట, నడక తనంతట తానే పరుగుగా మారుట ఒకే వ్యాధి లక్షణములని ఇంత కొద్ది సామగ్రితో గుర్తించుట సామాన్యమైన పని కాదు. శవపరీక్ష చేయ వీలుపడలేదనియు, కారణమును గురించి తాను చెప్పినది ఊహయేననియు పీఠికలోనే ఒప్పుకొన్నాడు.

ఇక దోషము. ఈ వ్యాధిలో జ్ఞానేంద్రియములకు గాని బుద్ధికి గాని హాని కలుగదని ఆయన వ్యాధి నిర్వచనములోనే వ్రాసినాడు. ఇంద్రియములు, బుద్ధి చెడలేదు కనుక మెదడు చెడలేదని దానినుండి తేల్చినాడు. అందుచేత వ్యాధి మెడలోని వెన్నుపాములో పుట్టి పైనున్న మజ్జాముఖము వరకు ప్రాకునని ఊహించినాడు. చికిత్సయు దానికి తగినట్లే చెప్పినాడు: మెడపై భాగమున రక్తము తీయుట, అచ్చటనే బొబ్బలెక్కించు మందు వేసి చీము కారునట్లు చేయుట. పాపము, రోగులు!

ఆధారముగా తీసికొన్న మాటయే సరికాదు. చాలమంది రోగులలో వణకు రాకకు కొన్ని సంవత్సరములు ముందే వాసన తెలియుట తగ్గును. వ్యాధి ముదిరినకొద్ది జ్ఞాపకము, ఆలోచన దెబ్బతినువారు ఎందరో కలరు. పార్కిన్సన్ వర్ణించిన ఆరవ రోగి కథ మరింత ఆసక్తికరము. 72 ఏండ్ల ఆ పెద్దమనిషికి నడుమ పక్షవాతము వచ్చినది. చేయి, కాలు పడిపోయిన రోజులలో వాటికి వణకు లేదు. సుమారు రెండు వారములకు బలము తిరిగి వచ్చినప్పుడు వణకును తిరిగి వచ్చినది. వణికించు ఆజ్ఞ పైనుండి, అనగా మెదడునుండి, దిగుచున్నదని నేటి పాఠకునకు ఈ ఒక్క వివరమే సూచించును.

ఆ స్థానము మధ్యమెదడులో నున్నది. సబ్‌స్టాన్షియా నైగ్రా అను ఆ భాగములోని కణములు న్యూరోమెలనిన్ అను రంగుపదార్థముచేత నల్లగా నుండును. ఇవి డోపమిన్‌ను తయారుచేసి, పొడవైన తంతువుల ద్వారా స్ట్రయేటమ్ అను భాగమునకు అందించును. కంపవాత రోగులలో ఈ కణములు నశించినవని 1919లో పారిస్‌లో ట్రెట్యకాఫ్ చూపినాడు. చనిపోయిన రోగి మెదడును కోసి చూచినచో నల్లని పట్టీ వెలిసిపోయి యుండుట కంటికే తెలియును. మిగిలిన కణములలో గుండ్రని ముద్దలు కనబడగా, వాటిని 1912లోనే వర్ణించిన జర్మను వైద్యుడు లేవీ పేరుతో ట్రెట్యకాఫ్ పిలిచినాడు. స్ట్రయేటమ్‌లో డోపమిన్ మిక్కిలి తగ్గినదని 1960లో వియన్నాలో ఎరింగర్, హార్నికీవిచ్‌లు కొలిచి చెప్పినారు. ఆల్ఫా సిన్యూక్లీన్ అను ప్రోటీను వికృతమై పేరుకొనుటయే ఆ ముద్దలకు మూలమని 1997లో తెలిసినది.

ఇచ్చట పార్కిన్సన్ పక్షమున ఒక మాట చెప్పకుండుట న్యాయము కాదు. లేవీ ఆ ముద్దలను చూచిన తావులలో మజ్జాముఖములోని వేగస్ నాడీ కేంద్రము ఒకటి. 2003లో బ్రాక్, ఆయన సహచరులు ఈ మార్పులు మజ్జాముఖములోను, వాసనకు సంబంధించిన భాగములోను మొదలై పైకి ప్రాకునని ప్రతిపాదించిరి. రోగులందరిలో ఈ క్రమము కనబడదు. ఊహ కొంత తగిలినదని సంతోషింపవచ్చును గాని, అది గురి చూచి వేసిన బాణము కాదు. దానికి ఆయన చెప్పిన హేతువు నేటికిని తప్పే.

లేవీ ముద్దలే కణములను చంపునని తరగతిలో చెప్పుట కూడ ఇటువంటి తొందరపాటే. అవి హంతకులో, హానిచేయు ప్రోటీనును ఒకచోట మూటగట్టుటకు కణము చేసిన ప్రయత్నపు గుర్తులో ఇంకను తేలలేదు. పార్కిన్ అను జన్యువు చెడి చిన్న వయస్సులోనే వచ్చు రకములో ఆ ముద్దలు చాలమందికి ఉండవు. నల్లని కణములు మాత్రము నశించుచునే యుండును.