తెర మీది రంగు, బట్టలోని గుణం

ఏలూరు ఆర్.ఆర్. పేటలోగానీ తాడేపల్లిగూడెం బజారులోగానీ సాయంత్రం పూట ఏ మ్యాచింగ్ సెంటర్ ముందైనా కాసేపు నిలబడండి. ఒక చేతిలో ఫోను, ఫోనులో సాయిపల్లవిదో సమంతదో ఫొటో, రెండో చేతిలో ఇంటి నుంచి తెచ్చిన చీర మడత. "ఇలాంటి లుక్కే రావాలండీ" అంటుంది అమ్మాయి. కొట్టతను ఫొటో వంక ఒకసారి చూస్తాడు, చీర వంక రెండుసార్లు చూస్తాడు. ఆయన తీసిచ్చే జాకెట్టు ముక్క ఫొటోలో ఉన్న రంగు కాకపోవచ్చు. కానీ కట్టుకున్నాక ఫొటోలోని కళ వస్తుంది.

ఈ విద్యను ఏ బడిలోనూ చెప్పలేదు. ప్రేక్షకులూ, బట్టల కొట్లవాళ్ళూ, దర్జీలూ కలిసి తరాల తరబడి పెంచుకున్నది ఇది. దీన్ని కాపీ అని తీసిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను. తార కట్టిన చీరనే వెతికి తెచ్చుకుంటే అది కాపీ. ఆ చీరలో రంగుకీ రంగుకీ మధ్య ఉన్న లెక్కను పట్టుకుని, మన ఎండకీ మన ఒంటికీ మన డబ్బుకీ తగిన బట్టలో దాన్ని మళ్ళీ నిలబెట్టడం మాత్రం నేర్పు.

ఆ లెక్క నలుపు తెలుపు సినిమాలతోనే మొదలైంది. 1955లో 'మిస్సమ్మ', 1957లో 'మాయాబజార్' చూసి వచ్చినవాళ్ళకు సావిత్రి కట్టినది ఏ రంగు చీరో తెలిసే దారి లేదు. 'మాయాబజార్'కు రంగులద్ది విడుదల చేసింది 2010లో. అప్పటిదాకా అవి ఎవరికి వారు ఊహించుకున్న రంగులే. అయితే తెర ఒక్క సంగతి మాత్రం దాచలేదు. ఒళ్ళు లేత, అంచు ముదురు; లేదా జాకెట్టు ముదురు, చీర లేత. ఆ తరం పట్టుకున్నది ఈ ముదురు లేతల తేడానే. ఇంటికొచ్చి తమ దగ్గరున్న రంగుల్లోనే దాన్ని అమర్చుకునేవారు.

ఇప్పటికీ ఇంతకన్నా మంచి పరీక్ష లేదు. మీకు నచ్చిన ఫొటోను ఫోనులోనే నలుపు తెలుపులోకి మార్చి చూడండి. తర్వాత మీ చీరనూ జాకెట్టు ముక్కనూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి, దాన్నీ అలాగే మార్చండి. మిరపపండు ఎరుపూ ముదురు ఆకుపచ్చా విడిగా ఎంత భిన్నమైన రంగులో! కానీ చాలాసార్లు రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. దూరం నుంచి చూస్తే అంచు ఎక్కడ మొదలైందో తెలియదు. అదే ఎరుపు పక్కన గంధం రంగు పెడితే వీధి చివరి నుంచి కూడా అంచు కనపడుతుంది. పండక్కి అలా కనపడాలి. ఆఫీసుకు వెళ్ళే రోజున తేడా తక్కువ ఉన్న జత హాయిగా ఉంటుంది. రెండూ తప్పు కాదు, తెలిసి చెయ్యాలి.

తర్వాత వాటాల లెక్క. 1971లో 'దసరా బుల్లోడు', 'ప్రేమనగర్' రెండూ వచ్చాయి. రెండూ రంగుల చిత్రాలే, రెండింటిలోనూ అక్కినేని, వాణిశ్రీ. ఆ దశకంలో వాణిశ్రీ కొప్పూ, చీరకు తగిన జాకెట్టూ ఊరూరా పాకాయి. అప్పుడు స్థిరపడిన సూత్రం ఇది: ఒంటి రంగు ఎక్కువ, అంచు రంగు తక్కువ, మూడో రంగు ఉంటే చిటికెడు. జాకెట్టు అంచు రంగులో ఉంటే నిండుగా ఉంటుంది. పైట చెంగులో ఎక్కడో ఒక గీతగా ఉన్న రంగులో ఉంటే మరింత సొగసు. ఏలూరులో శతాబ్దాలుగా నేస్తున్న ఉన్ని తివాచీల్లోనూ నేలకు ఒక రంగు, అంచుకు దాన్ని నిలబెట్టే మరో రంగు ఉంటాయి. ఆ కన్ను ఈ ఊరికి కొత్తది కాదు.

రంగుల సంగతికొస్తే నరసాపురంలో పుట్టిన బాపు దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది. ఆయన బొమ్మల్లో పరికిణీ ఒక రంగు, ఓణీ ఒక రంగు, మధ్యలో తెగిపడేలాంటి గీత. నెరసిన రంగులూ కలగాపులగం రంగులూ కనపడవు. 1975 నాటి 'ముత్యాల ముగ్గు'లో ఇషాన్ ఆర్య కెమెరా ఆ రంగుల్ని సహజమైన వెలుగులో చూపించింది. ఆయనకు ఛాయాగ్రహణంలో జాతీయ పురస్కారం వచ్చింది ఆ సినిమాకే. 2018లో 'రంగస్థలం' వచ్చాక మళ్ళీ ఓణీల మీద మోజు పెరిగినప్పుడు కూడా, నిలిచినవి ఇలాంటి తేటైన జతలే: ఆవపసుపు మీద వంగపండు, చిలకపచ్చ మీద రాణి రంగు, ఇటుక రంగు మీద నెమలికంఠం. గూడెం హోల్‌సేలు మార్కెట్లో గుట్టలుగా పోసిన ఉల్లిపాయల్ని చూసినవాళ్ళకి ఉల్లిపొర రంగంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ రంగు పక్కన ముదురు మెరూన్ పెట్టి చూడండి, ఎంత ఖరీదైన చీరకూ తీసిపోదు.

ఒక మాట గట్టిగానే చెప్పాలనిపిస్తోంది. చామనచాయ పిల్లలకు "నీకు ముదురు రంగులు నప్పవమ్మా" అని చెప్పే అలవాటు మన ఇళ్ళలో ఇంకా పోలేదు. పాపం, ఆ పిల్లలు జీవితమంతా వెలిసిన లేత రంగుల్లోనే తిరుగుతారు. ఏలూరు పక్కన కొవ్వలిలో 1960లో పుట్టిన వడ్లపాటి విజయలక్ష్మి, మద్రాసు వెళ్ళి టచప్ పనితో మొదలుపెట్టి సిల్క్ స్మితగా దక్షిణాదినంతా ఏలింది. ఆమెది చామనచాయే. తెర మీద ఆమెను గుర్తుపెట్టుకున్నవాళ్ళు ఆ ఛాయను లోటుగా గుర్తుపెట్టుకోలేదు. ఆవపసుపు, మిరపపండు ఎరుపు, నెమలికంఠం నీలం, కనకాంబరం రంగు: ఇవి చామనచాయ మీద వెలిగినంతగా తెల్లటి ఒంటి మీద వెలగవు. చీరను మెడ దగ్గర ఆనించుకుని పగటి వెలుగులో అద్దం చూసుకోండి. కళ్ళ కింద నీడ తగ్గినట్టు కనపడితే ఆ రంగు మీదే.

పగటి వెలుగు అని ఊరికే అనలేదు. అనుభవమున్న కొట్టతను "ఎండలోకి తీసికెళ్ళి చూసుకోండమ్మా" అని తనే అంటాడు. ట్యూబులైటు కింద అచ్చంగా కలిసిన రెండు బట్టలు గుమ్మం దాటగానే విడిపోవచ్చు. చీరకు వేసిన అద్దకం వేరు, రూబియాకు వేసిన అద్దకం వేరు. ఒక్కో అద్దకం ఒక్కో వెలుగును ఒక్కోలా మింగుతుంది. అందుకని చీరను ఎక్కువగా కట్టే వేళను బట్టి జత చూసుకోవాలి. బడికి, బ్యాంకుకు వెళ్ళేవాళ్ళు ఎండలో చూడాలి. రాత్రి రిసెప్షన్‌కైతే లైట్ల కింద చూస్తే చాలు.

ఇంతవరకు ఫొటో సాయం చేస్తుంది. ఫొటో చెప్పనిది బట్ట సంగతి. తార కట్టిన షిఫాన్ గాలికి ఎగరడం చూసి మనసు పారేసుకుంటాం. ఆమె ఆ చీరలో ఉన్నది షాటు అయ్యేంతసేపే. మనం కైకలూరు, ఆకివీడు వైపు వేసవిలో, చుట్టూ చెరువుల తేమ మధ్య, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉండాలి. మామూలు వాతావరణంలో నూలు బట్ట తన బరువులో 8 శాతం పైచిలుకు తేమను ఇముడ్చుకుంటుంది, పట్టు 11 శాతం దాకా. పాలియెస్టర్ అర శాతం కూడా ఇముడ్చుకోదు. బజారులో షిఫాన్, జార్జెట్ పేరుతో తక్కువ ధరకు దొరికేవి చాలావరకు పాలియెస్టరే. చెమట బట్టలోకి పోక ఒంటి మీదే నిలుస్తుంది. కొల్లేటి ఉక్కలో అది శిక్ష.

మరి ఆ జారుడు, ఆ తేలిక కావాలంటే? దారం సన్నదనం చూడాలి. కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది, బట్ట ఒంటిని అంటిపెట్టుకుని జారుతుంది. వెంకటగిరి నూలు చీర, ఉప్పాడ జాందానీ ఆ పని చేస్తాయి. సూటిగా, గీత గీసినట్టు నిలబడే కట్టు కావాలంటే మంగళగిరి. గుంట మగ్గం మీద దగ్గరగా నేసిన ఆ బట్ట కుచ్చిళ్ళను పట్టి ఉంచుతుంది, నిజాం అంచు సాదా ఒంటికి కావలసినంత పండగ తెస్తుంది. టీచర్లకూ బ్యాంకు ఉద్యోగులకూ దీన్ని మించిన చీర నాకు తెలియదు. 'మిస్సమ్మ' టీచరమ్మ సాదాతనం మీకు నచ్చితే దాని వారసత్వం ఇక్కడుంది. సావిత్రి పుట్టిన చిర్రావూరు మంగళగిరికి దగ్గరి ఊరే.

తారల అలంకారం చేనేతకు ఎంత మేలు చేయగలదో 2018 నాటి 'మహానటి' చూపించింది. ఆ సినిమా దుస్తులకు ఇంద్రాక్షీ పట్నాయక్, గౌరాంగ్ షా, అర్చనా రావులకు జాతీయ పురస్కారం వచ్చింది. గౌరాంగ్ షా జాందానీ నేతకు పేరున్న హైదరాబాదు డిజైనర్. పాత సినిమాల బుట్ట చేతులూ, మోచేతి దాకా వచ్చే జాకెట్లూ, నేత చీరలూ అప్పుడు మళ్ళీ కొత్త తరం కంటపడ్డాయి.

మన ప్రాంతానికి అందుబాటులో ఉన్న అసలు నిధి మాత్రం పెడన. కైకలూరు మీదుగా గుడివాడ చేరి బందరు లైను పట్టుకుంటే పెడన వస్తుంది. అక్కడి కలంకారీ అచ్చుల పని ఓపిక మీద నడుస్తుంది. ముందు బట్టకున్న గంజీ జిడ్డూ పోయేలా ఉతికి, కరక్కాయ నీళ్ళలో నానబెడతారు. ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెడితే ఒక ద్రవం తయారవుతుంది. టేకు అచ్చుతో దాన్ని అద్దగానే కరక్కాయ పీల్చిన బట్ట మీద నలుపు తేలుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక అద్దుతారు. అప్పటికి అక్కడ ఎరుపు ఉండదు. బట్టను పారే నీటిలో జాడించి, ఎర్ర అద్దకపు కాగులో ఉడకబెట్టినప్పుడు పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటుంది. ఒకప్పుడు ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు, ఒక్కో ఎండబెట్టడం. నీళ్ళు మారితే ఎరుపు మారుతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే జత కలిపే కిటుకు ఇందులోనే ఉంది. రంగులన్నిటి కిందా ఒకే కరక్కాయ పూత ఉంది కనుక కలంకారీలో ఏ రెండు రంగులూ కొట్టుకోవు. ఆ పూత వల్ల బట్టకు లేత పసుపు మీగడ ఛాయ వస్తుంది. దాని పక్కన మల్లెపూవు తెలుపు పెడితే కలంకారీ మాసినట్టు కనపడుతుంది. కోరా రంగు, గంధం, ఇటుక, మెంతి, ముదురు నీలం పెడితే లేచి నిలబడుతుంది. అందుకే సాదా మంగళగిరి చీరకు కలంకారీ జాకెట్టు ఇన్నేళ్ళుగా పాతబడలేదు. ఒక్క మీటరు గుడ్డతో బీరువాలో ఉన్న మూడు నాలుగు సాదా చీరలకు కొత్త ప్రాణం వస్తుంది. కొనేటప్పుడు తిరగేసి చూడండి. అసలు పనిలో రంగు వెనక్కి దిగి ఉంటుంది, అచ్చు అచ్చుకీ మధ్య ఎక్కడో వెంట్రుకవాసి జరుగుడు ఉంటుంది. యంత్రం ముద్ర వేసిన బట్టకు వెనకవైపు సాధారణంగా పాలిపోయి ఉంటుంది.

జాకెట్టు దగ్గర పొదుపు చెయ్యకండి. టూ బై టూ రూబియా అంటే పడుగులోనూ పేకలోనూ రెండు పోగులు పేనిన దారం. అందుకే కుట్టు దగ్గర చిరగదు. లైనింగునూ రూబియానూ ముందు తడిపి ఆరేసి ఇస్తే తర్వాత చంకల దగ్గర బిగుసుకోదు. తారల జాకెట్ల మీది మగ్గం వర్కు పెళ్ళిళ్ళకు సరే, రోజూవారీకి బరువు. దాని బదులు నరసాపురం అల్లిక లేసు ఉంది. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చి గోదావరి పల్లెల్లో ఆడవాళ్ళ వేళ్ళలో స్థిరపడిన ఈ పనికి 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మోచేతి దగ్గర రెండు వేళ్ళ వెడల్పు లేసు వేస్తే 1950ల నాయికల పోలిక ఇట్టే వస్తుంది. అల్లినవాళ్ళకు గిట్టుబాటు ధర రావాలంటే మనలాంటివాళ్ళు అడిగి కొనాలి.

మగవాళ్ళ మాట రెండు ముక్కల్లో. గుడివాడ దగ్గర రామాపురంలో పుట్టిన అక్కినేనికి పొందూరు ఖద్దరు పంచెలంటే ఇష్టం. ఆ పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు. వాలుగంటే కొల్లేటివాళ్ళకు కూర గుర్తొస్తుంది, దాని పళ్ళు ఇంత సన్నటి నూలుకు పనికొస్తాయని చెబితే ఆశ్చర్యపోతారు. పంచె తెల్లగా ఉన్నప్పుడు చొక్కా కోరా రంగులో ఉండటమే ఆ పెద్దరికం కిటుకు. 'రంగస్థలం' చిట్టిబాబు తరహా రంగుల చొక్కాకైతే లుంగీ గళ్ళలోని సన్నటి గీత రంగు తీసుకోండి, పెద్ద గడి రంగు వద్దు.

చివరగా గంజి, పాత అంచులు. బియ్యం పండే డెల్టాలో నూలు చీరకు గంజికి కొదవేముంది? పల్చగా వడకట్టి, చీరను ముంచి, గట్టిగా పిండకుండా నీడన ఆరేసి, కాస్త చెమ్మ ఉండగానే మడత పెట్టాలి. చిక్కగా పెడితే వెంకటగిరి కూడా అట్టలా నిలబడి దాని జారుడు పోతుంది. ఇక పాత పట్టుచీర ఒళ్ళు చివికినా జరీ అంచు చాలాసార్లు బాగానే ఉంటుంది. అంచుకు ఆనుకుని అరంగుళం ఒళ్ళు వదిలి కత్తిరిస్తే మడిచి కుట్టడానికి పట్టు దొరుకుతుంది. కొత్త నూలు బట్టను ముందుగా రెండుసార్లు ఉతికి ఆరేశాకే ఆ అంచు వేయించండి. తొందరపడి ముందే వేయిస్తే, మొదటి ఉతుకులో నూలు కుదించుకుపోయి జరీ అంతా అలలు అలలుగా లేస్తుంది.