తిరగేసిన కథకు నవ్వేదెవరు?

పాత కథను తలకిందులు చేసి చెప్పడమే ఒక అభ్యుదయ లక్షణమనే అభిప్రాయం మన రచయితల్లో బలపడుతున్నది. రాకుమారుడి చేతిలోని కత్తిని రాకుమారికి ఇవ్వాలి. తోడేలు తరఫున వకాల్తా పుచ్చుకోవాలి. రాజుగారిని బురదలో పడెయ్యాలి. అలా చేస్తే భూస్వామ్య విలువలు దెబ్బతింటాయనీ, పిల్లలు పడిపడి నవ్వుతారనీ వాదన. బడికి ఎదిగిన పిల్లల సంగతి వేరు. మూడు నాలుగేళ్ళ పిల్లల విషయంలో మాత్రం ఈ వాదన నిలవదని నా అభిప్రాయం.

పేరడీకి మూలం తెలిసిన పాఠకుడు కావాలి. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి పేరడీలు శ్రీశ్రీని చదివినవాడికి నవ్వు తెప్పిస్తాయి. చదవనివాడికి అవి ఏవో తిక్క పద్యాలు. పసిపిల్లల దగ్గరికి వచ్చేసరికి ఈ చిన్న సూత్రాన్ని మనం మరచిపోతున్నాం. మనకు నలభై ఏళ్ళుగా తెలిసిన కథ వాళ్ళకూ పాతదే అనుకుంటున్నాం. వాళ్ళు దాన్ని నిన్ననే విన్నారు. కొందరు ఇంకా విననే లేదు.

ఇంగ్లీషులో ఈ కోవలో పేరుపడ్డ రెండు పుస్తకాలు చూద్దాం. రోల్డ్ డాల్ 1982లో ‘రివోల్టింగ్ రైమ్స్’ ప్రకటించాడు. అందులో ఎర్రటోపీ పాప తోడేలును పిస్తోలుతో కాల్చి దాని తోలును కోటుగా తొడుక్కుంటుంది. తర్వాత పందిపిల్ల సాయానికి పిలిస్తే, రెండో తోడేలుతోపాటు ఆ పందిపిల్లనూ వదలదు. దాని తోలుతో ప్రయాణపు పెట్టె చేయించుకుంటుంది. ఎదిగిన పాఠకుడు ఇందులో ధనికుల మోజుల మీద ఎత్తిపొడుపును వెతుక్కోవచ్చు. నాలుగేళ్ళ బిడ్డకు దక్కేది పిస్తోలు ఒక్కటే. జాన్ షెస్కా 1989లో మూడు పందిపిల్లల కథను తోడేలు నోటితో చెప్పించాడు. చక్కెర బదులడగడానికి వెళ్ళాననీ, జలుబుతో తుమ్మితే ఇళ్ళు కూలాయనీ, పత్రికలవాళ్ళు తనను దుర్మార్గుణ్ణి చేశారనీ తోడేలు సంజాయిషీ. చెప్పేవాడి మాటను శంకించడం నేర్పే మంచి పుస్తకమే ఇది. ఎనిమిదేళ్ళవాడికి బాగా ఉపయోగపడుతుంది. మూడేళ్ళవాడు మాత్రం తోడేలును నమ్మేస్తాడు. పాపం, దానికి జలుబు చేసిందంటాడు.

మరి ఈ వయసుకు తగిన హాస్యమే లేదా? ఉంది. దాన్ని సరిగా పట్టుకున్నవాడు ఇటలీ రచయిత జాన్ని రొదారి (1920–1980). ఆయన కమ్యూనిస్టు; కొంతకాలం బడిపంతులు; పార్టీ పత్రిక ‘లునితా’లో పనిచేసినవాడు. ‘టెలిఫోను కథలు’ అని చెప్పదగిన ఆయన 1962 నాటి సంపుటిలో, ఒక తాతయ్య ఎర్రటోపీ పాప కథ మొదలుపెట్టి టోపీని పసుపుపచ్చగా చెబుతాడు. కాదు, ఎరుపని బిడ్డ దిద్దుతుంది. తోడేలు రావలసిన చోట జిరాఫీ వస్తుంది. బిడ్డ మళ్ళీ దిద్దుతుంది. నవ్వంతా ఆ దిద్దుబాటులో ఉంది. పొద్దున లేచింది మొదలు తప్పు నీదే అనిపించుకొనే ప్రాణికి, పెద్దవాడి తప్పు పట్టుకొనే అధికారం దొరికింది! రాజును బురదలో పడేసే కథల కంటే ఈ చిన్న ఆటలోనే పెత్తనాన్ని ధిక్కరించడం ఎక్కువ ఉన్నదంటాను.

అయితే రొదారి ఒక షరతు పెట్టాడు. కథ బిడ్డకు వాడివాడి అరిగిపోయిన బొమ్మలాగా అయి, దాన్ని వదులుకోవడానికి సిద్ధపడ్డప్పుడే ఈ ఆట ఆడాలి. అంతకుముందు ఆడితే బిడ్డకు కోపం వస్తుంది, ఏడుపూ వస్తుంది. ఈ మాటలున్న 1973 నాటి పుస్తకం, అంతకు ముందటేడు రెజ్జో ఎమీలియా పట్టణంలో ఉపాధ్యాయులతో ఆయన జరిపిన సమావేశాల ఫలం. మన బాలసాహిత్య సదస్సుల్లో వేదిక మీద పసిపిల్లలకు చదువు చెప్పేవాళ్ళు ఎందరుంటున్నారో గమనించండి.

తలకిందుల హాస్యం పిల్లల బుద్ధిని చెడగొడుతుందనే భయం మన శిబిరంలోనూ లేకపోలేదు. 1928 ఫిబ్రవరిలో క్రూప్‌స్కయా ‘ప్రావ్దా’లో కొర్నేయ్ చుకోవ్‌స్కీ ‘మొసలి’ని తీవ్రంగా ఖండించింది. మరుసటి నెలలో అదే పత్రికలో గోర్కీ చుకోవ్‌స్కీ పక్షాన నిలిచాడు. చుకోవ్‌స్కీ సమాధానం ‘రెండు నుంచి ఐదు దాకా’ అనే గ్రంథంలో ఉంది. రెండేళ్ళు నిండని ఆయన కూతురు, కుక్క మ్యావ్ అంటుందని చెప్పి తానే నవ్విందట. కుక్క మొరుగుతుందని గట్టిగా తెలిసినవాళ్ళకే అది హాస్యం. అసంబద్ధత వాస్తవాన్ని చెరపదు, స్థిరపరుస్తుంది. భౌతికవాది దీనికి ఉలిక్కిపడవలసిన పనిలేదు.

మూలంతో నిమిత్తం లేకుండా నిలబడే తిరగేత కూడా ఒకటుంది: రాబర్ట్ మన్ష్ ‘పేపర్ బ్యాగ్ ప్రిన్సెస్’ (1980). కాగితపు సంచీ తొడుక్కున్న రాకుమారి డ్రాగన్‌ను పొగిడి పొగిడి అలసిపోయేట్టు చేసి రాకుమారుణ్ణి విడిపిస్తుంది. నీ బట్టలేం బాగాలేవని అతగాడు అంటే, పెళ్ళే మానుకుంటుంది. అది శిశు సంరక్షణ కేంద్రంలో పిల్లలకు నోటితో చెబుతూ తీర్చిదిద్దిన కథ. అందుకే అందులో నినాదం లేదు.

ఇక మన ఏడు చేపల కథ. దీన్ని సంస్కరించడానికి మనలో కొందరు చాలా శ్రమపడ్డారు. పశువుల కాపరి సమ్మె చేశాడనీ, చీమలు సంఘం పెట్టుకున్నాయనీ చెప్పినప్పుడు సభలో పెద్దలు చప్పట్లు కొడతారు. ముందు వరసలో పిల్లలు జంతికలు తింటుంటారు. నేను మా బడి ఆవరణలోని అంగన్‌వాడీలో ఆ కథను మార్చకుండా వారాల తరబడి చెప్పాను. గొలుసు అందరి నోటికీ వచ్చాక, ఒకరోజు అవ్వ కాపరికి బువ్వ పెట్టిందని చెప్పాను. ఒక్కసారిగా గోల. పెట్టలేదు, పెట్టలేదని అరుపులు. నేను పట్టు విడవలేదు. పెట్టింది, నేను చూశానన్నాను. అప్పుడు వెనక గోడకానుకొని కూర్చున్న ఒక పిల్ల లేచి, ‘బువ్వ పెడితే ఆవును మేపుతడు గద సార్, ఇగ చేప ఎండిపోతది’ అన్నది. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఒక్కొక్కరే లేచి ఒక్కొక్క కొక్కెం విప్పడం మొదలుపెట్టారు. చీమ కుట్టకపోతే? ఆవు మేస్తే?

కాపరి ఆకలికీ రాజుగారి చేపకూ ఉన్న సంబంధాన్ని ఆ పిల్ల తానే లాగి చూపించింది. సమ్మె కథ రాసినవారు చెప్పదలచుకున్నదీ అదే. అయితే వారి కథలో పిల్లలు దిద్దడానికి ఒక్క తప్పూ మిగల్లేదు. మన పత్రికలు బాలల సంచికలు వేసేటప్పుడు ఏడు చేపల కథను, దాని ప్రాంతీయ భేదాలతో సహా, ఉన్నదున్నట్లు అచ్చువేయాలి. తెలంగాణలో జీతగాడన్నచోట, కోస్తాలో పాలేరన్నచోట ఆ మాటే ఉంచాలి. తప్పులు చెప్పే పని కథ చెప్పే టీచరుకు వదిలిపెట్టండి.